పొతియొలీ రేవు మెట్లు

ఆ ఇంట్లో ప్రార్థన చెయ్యకుండా ప్రొజెక్టరు బల్బు కూడా వెలగదని రత్నరాజుకి అర్థమయ్యేసరికి మధ్యాహ్నం రెండుంపావు అయింది.

రెండింటికి రమ్మన్నారు, రెండింటికల్లా వచ్చాడు. జోసఫ్ తన బేస్‌మెంటులో తెర కట్టి, మడత కుర్చీలు వేసి, "ఒక్క మాట ప్రార్థించుకుందాం బ్రదర్" అన్నాడు. ఆ ఒక్క మాట పన్నెండు నిమిషాలు సాగింది. అందులో మిషిగన్ రాష్ట్రం వచ్చింది, పోలీసులు వచ్చారు, జడ్జిగారు వచ్చారు, ఆఖరికి రత్నరాజు మోకాలి నొప్పి కూడా వచ్చింది. జైల్లో ఉన్న లూసీ పేరు మాత్రం రాలేదు. రత్నరాజు కూడా బందరులో బాప్తిస్మం తీసుకున్నవాడే. అయినా కళ్ళు మూసుకుని పళ్ళు నూరుకున్నాడు.

టైము లేదు మరి. ఇవాళ ఎనభై నాలుగు జూన్ తొమ్మిది, శనివారం. సోమవారం పొద్దున తొమ్మిదింటికి కోర్టు. నెల కిందట, మే పన్నెండో తారీఖు సాయంత్రం, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే ప్రేమానందం అనే ఇంజనీరు తన ఇంటి బేస్‌మెంటు మెట్ల కింద తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. ప్రాణం పోయింది నాలుక్కీ అయిదుకీ మధ్య. అది జారిపడితే తగిలే దెబ్బ కాదని డాక్టరు రాశాడు. ఇంట్లో పెళ్ళాం తప్ప ఇంకెవరూ ఉండరు గనక పోలీసులు పెళ్ళాం లూసీనే పట్టుకెళ్ళారు. సోమవారం నాడు ఇంకొకరి మీదికి వేలు చూపించలేకపోతే కేసు పెద్ద కోర్టుకి పోతుంది, అక్కడ నేరం రుజువైతే లూసీ ఇక బతికినన్నాళ్ళూ లోపలే. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి.

లూసీ లాయరు పెట్టుకున్న డిటెక్టివ్ రత్నరాజు. బందరులో పద్దెనిమిదేళ్ళు క్రైం సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేసి, భార్య విమలకుమారికి డిట్రాయిట్‌లో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాల వచ్చి, ఇక్కడ లైసెన్సు తీసుకుని లాయర్లకి కూపీలు లాగి పెడుతున్నాడు. వేలు చూపించడానికి అతనికి దొరికిన మనిషి జోసఫ్ ఒక్కడే. ఈస్టరు ఆరాధన అయ్యాక చర్చి పార్కింగ్‌లో ప్రేమానందం జోసఫ్ చొక్కా పట్టుకోవడం ముగ్గురు చూశారు. దేనికో ఆ ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. తీరా జోసఫ్‌ని అడిగితే, ఆ పన్నెండో తారీఖున తను అమెరికాలోనే లేనంటాడు!

"మళ్ళీ ఒకసారి చెప్పండి. ఇటలీ ఎప్పుడు వెళ్ళారు?" రత్నరాజు నోటుబుక్కు తీశాడు.

"మే నాలుగున బ్రదర్. ట్యూరిన్‌లో ఆఫీస్ పని. పదో తారీఖుతో అయిపోయింది. మూడు రోజులు లీవ్ పెట్టి పొజ్జువోలి వెళ్ళాను. మన వాక్యంలో పొతియొలీ అని ఉంటుందే, ఆ రేవు. పౌలు భక్తుడు ఓడ దిగిన ఊరు. చూడకుండా ఎలా వస్తాను?"

"ఎక్కడ దిగారు?"

"ఒక ముసలావిడ ఇంట్లో గది ఇచ్చింది. పేరు గుర్తులేదు."

"రసీదు?"

"ఆవిడ రసీదులు రాసే మనిషి కాదు బ్రదర్."

"తిరిగి ఎలా వచ్చారు?"

"రోమ్ నుంచి టొరంటో, టొరంటో నుంచి బస్సులో విండ్సర్. అక్కణ్ణించి నది కింద టన్నెల్ దాటితే మన డిట్రాయిటే కదా. పదిహేనో తారీఖున ఆఫీస్‌కి వెళ్ళాను."

"పాస్‌పోర్టు?"

"బస్ స్టేషన్లో పోయింది. రిపోర్ట్ చేశాను."

ఇదీ వరస. ఏది అడిగినా ఉండదు. విండ్సర్ టన్నెల్లో అమెరికా పౌరుడివేనా అని అడుగుతారు, అవునంటే చెయ్యి ఊపుతారు. స్టాంపు లేదు, చిట్టా లేదు. విమానం కంపెనీ నుంచి పేర్ల జాబితా రావాలంటే కోర్టు ఆర్డరుకి ఆరు వారాలు పడుతుందట. ఆరు వారాలకి లూసీ సంగతి తేలిపోతుంది. మిగిలింది జోసఫ్ నోటి మాట, ఇదిగో ఈ ముప్పై ఆరు స్లైడ్లు.

"ఇంకా ఏం డౌట్స్ అంకుల్? స్లైడ్స్ చూసి, చూసినట్టు సైన్ చేస్తే ఇంటికి వెళ్ళిపోదాం. ఐదింటికి నాకు టెన్నిస్ ఉంది." ఆ మాటన్నది జగదీష్. జోసఫ్ లాయరు దగ్గర డిటెక్టివ్. ముప్పై ఏళ్ళుంటాయి. వరంగల్లు కుర్రాడు, తెలివైనవాడు, ఆ తెలివి ముఖం మీద రాసిపెట్టుకుని తిరుగుతాడు. రత్నరాజుకి అతన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది.

"నీ టెన్నిస్ కోసం ఒక ఆడదాన్ని జైల్లో పెట్టమంటావా?"

"నేను పెట్టలేదు అంకుల్. పోలీస్ పెట్టారు."

రత్నరాజు ముందుగా ట్రే లోంచి ఒక స్లైడు తీసి చూశాడు. ప్లాస్టిక్ ఫ్రేము. రెండోది తీశాడు. అదీ ప్లాస్టిక్కే.

"స్లైడ్లు కడిగిచ్చే కంపెనీ అట్ట ఫ్రేముల్లో పెట్టి, అట్ట మీద నెలా ఏడాదీ అచ్చేసి ఇస్తుంది కదండీ జోసఫ్‌గారూ. ఆ అట్టలేవి?"

"అట్ట వంకర్లు పోతుంది బ్రదర్. అన్నీ మార్చేశాను."

"పాత అట్టలు?"

"చెత్తలో వేసేశాను."

"వేస్తారు. ఎందుకు వెయ్యరు!" రత్నరాజు ట్రే అందించాడు. "కానివ్వండి."

ఇరుకు సందులు, ఇళ్ళ మధ్య ఆరేసిన దుప్పట్లు, చేపల అంగడి, రోమన్ల కాలం నాటి రాతి స్తంభాలు. ఒక్కొక్క స్లైడుకీ జోసఫ్ ఒక్కొక్క సాక్ష్యం చెబుతున్నాడు. రత్నరాజు వింటున్నట్టు తలాడిస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు. పదిహేడోది పడగానే చెయ్యెత్తాడు.

"ఇది ఉంచండి."

రేవు మెట్లు. మూడో మెట్టు మీద జోసఫ్ కూర్చున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పాదాలు నీళ్ళలో పెట్టి, ఒళ్ళో బైబిల్ తెరిచి పట్టుకుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"పౌలు భక్తుడు అడుగు పెట్టిన నీళ్ళు బ్రదర్," అన్నాడు జోసఫ్. నిజంగానే అతని గొంతు బొంగురుపోయింది.

"ఇది మే పన్నెండునే తీసిందా?"

"అవును. మధ్యాహ్నం."

రత్నరాజు సంచిలోంచి ఒక జిరాక్సు కాయితం, ఒక పత్రిక తీసి ప్రొజెక్టరు వెలుగులో పెట్టాడు. రెండు వారాలు పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని దుమ్ము పీలిస్తే దొరికినవి.

"జగదీష్ బాబూ, ఇలా రా. ఈ పొజ్జువోలిలో నేల పైకి లేస్తోంది, తెలుసా?"

"నేల లేచుడేంది అంకుల్?"

"ఊరికి ఊరే లేస్తోంది. కింద అగ్నిపర్వతం ఉంది. ఎనభై రెండులో మొదలై ఇప్పటికి నాలుగైదు అడుగులు లేచింది. కిందటి అక్టోబరులో ఊళ్ళో వేలమందిని ఖాళీ చేయించారు. ఇదిగో పేపర్లో పడింది. ఇహ ఈ పత్రిక చూడు, ఈ మార్చి నెలది. ఏ రేవు ఇది?"

జగదీష్ వంగి చూశాడు. తెర వంక చూశాడు. మళ్ళీ పత్రిక చూశాడు. మెట్ల పక్కన అదే ఇనప కమ్మీ, పైన అదే మూల విరిగిన రాతి దిమ్మె.

"మూడో మెట్టు కింద ఇంకా ఎన్ని మెట్లు బయటపడ్డాయో లెక్కపెట్టు."

"...ఏడు."

"ఏడు మెట్లూ, వాటి కింద బురదా. పడవలు బురదలో కూలబడి ఉన్నాయి. ఇంక ఈయన మే నెలలో మూడో మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు ఎలా పెట్టాడు? బకెట్టుతో తెచ్చి పోశారా?"

"టైడ్ అంకుల్. సీ అన్నంక టైడ్ ఉంటది కదా."

"బందరువాణ్ణి నేను. పోటూ ఆటూ నువ్వు నాకు చెప్తావా? ఆ సముద్రంలో పోటెత్తితే జానా బెత్తెడు. అదీ జిరాక్సు తీసుకొచ్చాను, చదువుకో." రత్నరాజు జోసఫ్ వైపు తిరిగాడు. "ఈ ఫోటో ఈ ఏడాదిది కాదు. కిందటేడుదీ కాదు. నేల లేవకముందుది, అంటే ఎనభై రెండుకి ముందుది. మీరు పాత యాత్ర రీలు తెచ్చి కొత్త ఫ్రేముల్లో పెట్టారు. పన్నెండో తారీఖున మీరు అక్కడ లేరు."

రత్నరాజుకి కోపం పోయి విసుగొచ్చింది. "ఇంత తెలివిగా అట్టలు మార్చిన మనిషివి, ఈ ఒక్క స్లైడు తీసి అవతల పారెయ్యలేకపోయావా? మిగతా ముప్పై అయిదూ చూపిస్తే నేను ఏమీ చెయ్యలేకపోయేవాణ్ణి కదయ్యా!"

"పౌలు దిగిన చోటు బ్రదర్," అన్నాడు జోసఫ్ మెల్లగా. "అది తీసేస్తే ఆ ఊరు వెళ్ళి ఏం లాభం? నా చేతులు రాలేదు."

జగదీష్ నుదురు కొట్టుకున్నాడు.

అక్కడితో ఆగి లేచి వచ్చేస్తే రత్నరాజు గెలిచినట్టే. కానీ నెల రోజుల చిరాకు లోపల కుతకుతలాడుతోంది, ఇంకొక దెబ్బ కొట్టందే చల్లారేలా లేదు. ట్రే తనే తిప్పాడు. పద్దెనిమిది, పంతొమ్మిది. రేవు అయిపోయి ఊరి పక్క బీచ్‌లు వచ్చాయి. బయా, మిసేనో.

"ఒంటరిగా వెళ్ళానన్నారుగా. మీ ఫోటోలు ఎవరు తీశారు?"

"జాలరివాళ్ళని అడిగాను."

ఇరవై మూడు. ఇసకలో జోసఫ్ మోకరించి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి ఉన్నాడు. వెనక సముద్రం.

"అంకుల్, చాలు." జగదీష్ చప్పున లేచి ప్రొజెక్టరు స్విచ్చి మీద చెయ్యేశాడు. "మెట్ల పాయింట్ ఒప్పుకుంటున్నా. రిపోర్ట్‌లో రాసుకోండి. ఇది ఆఫ్ చెయ్యండి."

"చెయ్యి తియ్యి."

"మీ మంచికే చెప్తున్న."

"నా మంచి నీకెందుకు? చెయ్యి తియ్యి ముందు!"

కుర్రాడు హడలిపోయాడని రత్నరాజుకి మహా సంబరమైంది. తెర దగ్గరికి వెళ్ళి జోసఫ్ ముందు ఇసక మీద పడిన నీడని వేలితో చూపించాడు. ఫోటో తీసిన మనిషి నీడ. ఎండ వెనకనుంచి కొడుతున్నట్టుంది, నీడ పొడుగ్గా, స్పష్టంగా పడింది.

"జాలరా ఇది? ఈ తల చూడండి. నెత్తిన ముసుగు. భుజం మీంచి జారిన కొంగు గాలికి ఇటు ఎగిరింది. కింద కుచ్చెళ్ళు. చీర కట్టుకున్న జాలరా? ఎదటివాడు ప్రార్థన మొదలుపెట్టగానే, కెమెరా చేతిలో ఉన్నా సరే, ముందు నెత్తిన కొంగు లాక్కుని ఆ తర్వాత ఫోటో తీసే ఆడది మన సంఘాల్లో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడుంటుందయ్యా? ఎవరావిడ?"

మెట్ల మీద కప్పులు గలగల్లాడాయి. జోసఫ్ భార్య దేవకుమారి టీ ట్రే పట్టుకుని సగం మెట్లు దిగి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. నింపాదిగా కిందికి వచ్చి, ట్రే బల్ల మీద పెట్టి, తెర వంక చూసింది.

"నేను ఇటలీ ఎప్పుడూ వెళ్ళలేదు అన్నయ్యగారూ," అంది.

ఒక్కొక్క కప్పులో పంచదార వేసి కలిపింది.

"ఈయన ఇంతకుముందు ఇటలీ వెళ్ళింది ఒక్కసారే. ఎనభై ఒకటి జూన్‌లో. మన స్త్రీల సమాజంలో అప్పుడు తొమ్మిదిమందిమి. సెక్రటరీని నేనే, హాజరు నేనే వేస్తాను. ఆ నెలలో రానిది ఒక్కతే. నాన్నకి బాగాలేదని ఇండియా వెళ్తున్నానంది. పదిహేను రోజులు." కప్పు తీసి రత్నరాజు చేతికి ఇచ్చింది. "లూసీ."

"దేవీ!" అన్నాడు జోసఫ్.

"టీ తాగండి, చల్లారిపోతుంది," అని దేవకుమారి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

రత్నరాజు కప్పు అక్కడే పెట్టేసి బయటపడ్డాడు. కారు తాళం తీస్తుంటే జగదీష్ పరుగున వచ్చి తలుపు పట్టుకున్నాడు.

"ఆపమన్నది మీ కోసమే అంకుల్! ఆ నీడ నేను వారం కిందనే చూసిన, ఎవరిదో మా వాడిని అడిగి తెలుసుకున్న. ఆ స్లైడ్ తీసెయ్యమని నెత్తి నోరు కొట్టుకున్న. ప్రార్థన ఫోటో తీసెయ్యను అన్నడు మహానుభావుడు."

"చూసి నోరు మూసుకుని కూర్చున్నావా?"

"మరి ఏం చెయ్యాలె? మీరు సోమవారం ఆ మెట్లు చూపిస్తే మా వాడి ఎలిబై పోతది. పోనీ. వెంటనే ప్రాసిక్యూటర్ అడుగుతడు, నిజంగ ఎప్పటివి ఇవి, పక్కన ఎవరున్నరు అని. మొత్తం ట్రే కాపీ తీసి నిన్ననే కోర్ట్‌కి ఇచ్చేసినం, దాచేటందుకు లేదు. లూసీ ఆంటీకి మొగుణ్ణి చంపే మోటివ్ ఇన్ని దినాలు లేకుండె. ఇప్పుడు మీరే తెచ్చి ప్లేట్‌ల పెట్టిన్రు. ఇద్దరు కలిసి చేసిన్రు అంటడు. ఆంటీ మీకు చెప్పనే లేదా?"

"నోర్ముయ్!" అన్నాడు రత్నరాజు. తప్పు తనదే. ఆగమంటే ఆగని తన నోటిదే.

కౌంటీ జైలుకి చేరేసరికి నాలుగూ పది. నాలుగున్నరకి ములాఖత్ బంద్. మందమైన గాజుపలక అవతల లూసీ వచ్చి కూర్చుని ఫోను తీసుకుంది. నెలలో సగం మనిషైంది.

రత్నరాజు పలకరింపులు పెట్టుకోలేదు. "ఎనభై ఒకటి జూన్‌లో జోసఫ్‌తో ఇటలీ వెళ్ళావా?"

ఆమె కళ్ళు దించుకుంది. "వెళ్ళాను," అంది.

"ఎంత పని చేశావమ్మా! నీ కోసం రెండు వారాలు ఆ లైబ్రరీలో కళ్ళు కాయలు కాసేలా చదివాను. నువ్వు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ స్లైడు జోలికే పోయేవాణ్ణి కాదు. లాయరుకి చెప్పవు, నాకు చెప్పవు! ఎవరికి చెబుదామని దాచుకున్నావు?"

"ఆ ఒక్కసారే అన్నయ్యగారూ. తిరిగొచ్చాక నేనే వద్దన్నాను. మొన్న ఈస్టరుకి ముందు మా ఆయనకి నేనే చెప్పేశాను. మనసులో పెట్టుకోలేకపోయాను."

చర్చి పార్కింగ్‌లో చొక్కా ఎందుకు పట్టుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

"సరే. ఇంకేం దాచావో అది కూడా చెప్పెయ్యి. ఆ రోజు మీ ఆయన్ని ఇంట్లో వదిలి చర్చికి నడిచి వెళ్ళానని పోలీసులకి రాసిచ్చావు. మూడు మైళ్ళు. ఈ ఊళ్ళో పాలడబ్బా కావాలన్నా కారు తియ్యందే ఎవడూ గడప దాటడు. మీ కారు చూస్తే గరాజులోనే ఉంది. నిజంగా నడిచావా?"

లూసీ తల అడ్డంగా ఊపింది. "నాలుగు కాకముందు బెల్ మోగింది. తలుపు తీస్తే జోసఫ్."

రత్నరాజు ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. "జోసఫ్‌ని చూశావా? నీ కళ్ళతో చూశావా?"

"చూశాను. మర్నాడు రెండో ఆదివారం కదా, షికాగో నుంచి పాస్టరుగారు వచ్చి ప్రభువు బల్ల, ఆ రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే రోజు. మనసులో కక్ష పెట్టుకుని బల్లలో చెయ్యి వెయ్యలేనన్నాడు. ఈయన కాళ్ళ మీద పడి సమాధానపడతాను, నువ్వుంటే నాకు నోరు రాదు, కాసేపు వెళ్ళమన్నాడు. ఈయన కూడా వెళ్ళమని తలూపారు. బల్ల ముందు సమాధానపడతానంటే అడ్డం ఎలా ఉంటాను? వెళ్ళాను."

"ఎలా వెళ్ళావు?"

"దేవకుమారి వదిన కారులో."

రత్నరాజు చెవి మీద ఫోను ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"ఆయన్ని తీసుకొచ్చింది వదినే. కారులోనే కూర్చుంది. నన్ను ఎక్కించుకుని చర్చి దగ్గర దింపి, వాళ్ళిద్దరి కోసం ప్రార్థన చేసుకుంటూ ఉండు, నేను అక్కడికి వెళ్ళి చూసి వస్తానంది. మళ్ళీ రాలేదు. ఆరింటికి పోలీసులు చర్చికే వచ్చారు."

పదిహేనో తారీఖు దాకా మొగుడి ముఖం చూడలేదని దేవకుమారి తనకి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ టీ ఇచ్చి మరీ చెప్పింది.

"ఇది పోలీసులకి ఎందుకు చెప్పలేదు లూసీ?"

"వదినే వద్దంది. నువ్వు నోరు తెరిస్తే ఇటలీ సంగతి బయటికొస్తుంది, అప్పుడు నీ మీదే పడుతుంది, ఓపిక పట్టు, సమయం చూసి నీ తరఫున నేనే సాక్ష్యం చెబుతానంది. ప్రతి గురువారం వస్తుంది అన్నయ్యగారూ. ఈ అద్దానికి అవతల చెయ్యి ఆనిస్తుంది, నేను ఇవతల ఆనిస్తాను, నా కోసం ప్రార్థన చేసి వెళ్తుంది. మొన్న కూడా వచ్చింది. సోమవారం కోర్టుకి వస్తానంది."

గార్డు వచ్చి టైమైందని లూసీ భుజం తట్టాడు.

"లూసీ, విను. ఇటలీలో జోసఫ్ ఫోటో తీసింది నువ్వేనని నాకెవరు చెప్పారనుకుంటున్నావు? ఇందాక మూడింటికి నీ పేరు చెప్పింది ఆవిడే. అడక్కుండా చెప్పింది. జగదీష్ ఎదురుగా, ఏ నెలలో నువ్వు లేవో లెక్కతో సహా చెప్పింది."

ఆమె అతని వంక అర్థం కానట్టు చూసింది. గార్డు ఫోను అందుకోబోతుంటే వదల్లేదు.

"లేదన్నయ్యగారూ," అంది లూసీ. "వదిన నన్ను క్షమించింది."